సమాధానం అంటే జవాబేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మీ ఆదివారం అనుబంధంలో మనశ్శాంతిని గురించి ప్రచురించిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఊపిరిని గమనిస్తూ కాసేపు కూర్చోవడం, రాత్రిపూట సెల్‌ఫోన్‌ను దూరంగా పెట్టడం, మనసు నొప్పించే మనుషులకు ఎడంగా ఉండడం అని అందులో ప్రధానంగా మూడు సలహాలు ఉన్నాయి. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదాన్ని మా ఇంట్లో అమలు చేయాలని మూడేళ్లుగా నేనూ నా భార్యా తంటాలు పడుతూనే ఉన్నాము. మూడోదాని దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ సలహాను, ఎవరూ ఇవ్వకుండానే, నేను తొమ్మిదేళ్లపాటు తు.చ. తప్పకుండా పాటించి ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లలో మా ఇంట్లో నిశ్శబ్దానికి లోటు రాలేదు గాని, శాంతి మాత్రం గడప తొక్కలేదు.

నేను దివిసీమలో పుట్టిన క్రైస్తవుణ్ణి. 31 సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. క్రైస్తవ విశ్వాసంలో మనిషికి దొరికే సంపూర్ణతను గురించీ, శాంతిని గురించీ నా అనుభవంలో తేలినది చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. ఎవరినీ మతం మార్చుకోమని పిలిచే ఉద్దేశం నాకు లేదు. అలాంటి పిలుపులకు మీ పత్రికలో చోటు ఉండదనీ, ఉండకూడదనీ ఎరుగుదును. మేము ప్రతి ఆదివారం పలికే ఒక తెలుగు మాటకు మా బతుకుల్లో ఏ అర్థం స్థిరపడిందో, ఆ అర్థం మీ వ్యాసం చెప్పిన శాంతితో ఎక్కడ విడిపోతుందో మాత్రమే విన్నవించుకుంటాను.

ఆ మాట 'సమాధానం'.

'ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము' అని నల్లబల్ల మీద నేను ఎన్ని వేలసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. గుడిలో అదే మాటకు వేరొక అర్థం నడుస్తుంది. చిన్నప్పుడు ఆరాధన ముగింపున అయ్యగారు, అంటే మా పాస్టరు, చేతులెత్తి, బైబిలు సంఖ్యాకాండములోని ఆశీర్వచనం అందుకుని, 'నీకు సమాధానము కలుగజేయును గాక' అన్నప్పుడల్లా, అందులోనూ పరీక్షల నెలలో అయితే మరీ భక్తిగా, నేను 'ఆమేన్' అనేవాణ్ణి; జవాబులు దేవుడే తోపిస్తాడని నా ధీమా. లెక్కల్లో వచ్చిన మార్కులు ఆ ధీమాను సరిదిద్దాయి.

పండితుణ్ణయ్యాక ఆ మాటను విప్పి చూసుకున్నాను. ఉంచడం అనే అర్థం గల 'ధా' ధాతువుకు ముందు 'సం', 'ఆ' అనే ఉపసర్గలు చేరి ఏర్పడిన పదం అది; విడివిడిగా పడి ఉన్నవాటిని దగ్గరకు చేర్చి ఒక్కటిగా నిలపడం దాని లోపలి అర్థం. మన వాడుకలోనూ ఆ ఛాయలు పోలేదు. 'అన్నదమ్ములు సమాధానపడ్డారు' అంటాము. 'రేపు పైవాడికి సమాధానం చెప్పుకోవాలి' అంటాము. ప్రశ్నకు జవాబు, తెగినదానికి అతుకు, చేసినదానికి జవాబుదారీ, ఈ మూడింటికీ ఒకే మాటను పెట్టుకున్న భాష మనది.

బైబిలు మొదటి భాగమైన పాత నిబంధన హెబ్రీ భాషలో ఈ మాటకు మూలంగా ఉన్నది 'షాలోమ్'. మా అయ్యగారొకరి దగ్గర కూర్చుని నేర్చుకున్న నాలుగు ముక్కల మేరకు చెబుతున్నాను: ఆ ధాతువుకు అసలు అర్థం పగులూ లోటూ లేకుండా నిండుగా ఉండడం. బలిపీఠాన్ని ఇనుప పనిముట్టు తగలని నిండు రాళ్లతో కట్టాలని ద్వితీయోపదేశకాండము చెప్పిన చోట ఆ రాళ్లకు వాడిన విశేషణం ఈ ధాతువుదే. ఎద్దును దొంగిలించి అమ్మినవాడు దానికి బదులు అయిదు ఎద్దులను చెల్లించాలని నిర్గమకాండము శాసించిన చోట 'చెల్లించు' అన్న క్రియ కూడా దీనిదే. శాంతి, సంపూర్ణత, బాకీ తీర్చడం అనే మూడూ ఆ భాషలో ఒక తల్లి బిడ్డలన్నమాట. ఈ చివరి బిడ్డ సంగతి నాకు చాలా ఆలస్యంగా, చాలా ఖరీదుగా తెలిసివచ్చింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు తెలుగు నేర్చుకుని అనువాదానికి పూనుకున్నప్పుడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడుగా కూర్చున్నాడు. 1812లో తెలుగు సువార్తలు బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. పూర్తి బైబిలు 1854లో వచ్చింది. ఆ పరంపరలో నిలిచి నేడు మా చేతుల్లో ఉన్న గ్రంథంలో, యోహాను సువార్త 14వ అధ్యాయాన 'శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను' అన్నట్టుగా అక్కడక్కడా 'శాంతి' కనిపించినా, ఎక్కువ చోట్ల ఉన్నది 'సమాధానము' అన్న మాటే. తెలుగు ఉపాధ్యాయునిగా ఆ ఎంపికకు నేను దణ్ణం పెడతాను. శాంతించడం అంటే తగ్గడం, అణగడం. జ్వరం శాంతించింది, గాలివాన శాంతించింది అంటాము. గాలివాన శాంతించినంత మాత్రాన కూలిన ఇల్లు లేవదని మా దివిసీమవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

1977 నవంబరు 19, శనివారం నాటికి నాకు 17 ఏళ్లు. బందరు హాస్టలులో ఉండి ఇంటర్ చదువుతున్నాను. ఆ రోజు వచ్చిన ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లకు ఏమైందో అప్పటి పత్రికలన్నీ రాశాయి. పోయినవారు దాదాపు 10 వేల మంది అన్నది సర్కారు లెక్క. అంతకన్నా చాలా ఎక్కువ అన్నది మా ఊళ్ల లెక్క. మా నాయనమ్మ, మా చెల్లెలు ఆ లెక్కలో ఉన్నారు. నాన్న తుమ్మచెట్టును కావలించుకుని తెల్లవార్లూ వేళ్లాడి, ఒంటినిండా ముళ్ల గాయాలతో బతికాడు. అమ్మను నీళ్లు ఒక గడ్డివామితోపాటు తేల్చుకుపోయి ఎక్కడో మైళ్ల దూరంలో వదిలాయి. అన్నయ్య కూలి పని మీద గుడివాడ వైపు పోయి ఉన్నాడు. నేను నడిచీ, దొరికిన బండి ఎక్కీ ఊరు చేరేసరికి అయిదో రోజు అయింది. ఊరు అన్న మాట అలవాటు కొద్దీ రాస్తున్నాను. అక్కడ ఉన్నది బురద, పశువుల కళేబరాలు, మొండి తాళ్లు.

మా గుడి తాటాకు పందిరి. అది కూడా కొట్టుకుపోయింది. రెండో ఆదివారం నాటికి అయ్యగారు వచ్చారు. ఆయన అన్నగారి కుటుంబం కూడా పోయిందని అప్పటికే అందరికీ తెలుసు. మిగిలినవాళ్లమందరం గుడి ఉండిన చోట కూర్చున్నాము. 'దేవుడెందుకు ఇలా చేశాడయ్యగారూ' అని మొదట ఎవరో ఆడమనిషి అడిగింది. వెంటనే నలుగురైదుగురు అదే ప్రశ్న అందుకున్నారు. ఆయన పుస్తకం తెరిచి నోరు తెరవబోయి, మాట రాక, మాతోపాటే ఆ బురదలో చతికిలబడి, పసిబిడ్డలా ఏడ్చాడు. ఆయన జీవితంలో వందల ప్రసంగాలు చేసి ఉంటాడు. నేను విన్నవాటిలో అదే గొప్పది. కొంతసేపటికి తేరుకుని 23వ కీర్తన చదివి, పేరు పేరునా చనిపోయినవారిని తలుచుకుని, లేచి చేతులెత్తి, 'నీకు సమాధానము కలుగజేయును గాక' అన్నాడు. ప్రశ్నకు సమాధానం చెప్పలేని మనిషి ఆ మాట అనడం అప్పుడు నాకు వెటకారంలా వినిపించింది. 17 ఏళ్లవాణ్ణి, కోపంతో లేచి వెళ్లిపోయాను.

అమ్మ వల్ల ఆ మాట మళ్లీ నా దగ్గరకు వచ్చింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం మా సంఘంలో ఆడవాళ్లందరి అలవాటు. ఆదివారం ఆ పిడికెళ్లన్నీ గుడికి చేరి, సంఘంలో లేనివాళ్ల ఇళ్లకు వెళ్లేవి. ఉప్పెన వచ్చిన మూడో వారంలో, సహాయానికి వచ్చినవాళ్లు ఇచ్చిన బియ్యంతో, మూడు ఇటుకలు పేర్చిన పొయ్యి మీద, ఎవరిదో సొట్టపడ్డ సత్తు గిన్నెలో అమ్మ అన్నం వండబోతూ ఆగింది. ఒక పిడికెడు తీసి పక్కనున్న కొబ్బరి చిప్పలో పోసింది. నాకు ఒళ్లు మండింది. 'గుడే లేదు కదమ్మా, ఎవరికి?' అన్నాను. 'గుడి లేకపోతే మనకన్నా లేనివాళ్లు లేరేంట్రా' అని గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది.

ముష్టి బియ్యం అని మేము సిగ్గుపడుతూ తెచ్చిన ఆ బియ్యం, ఆ పిడికెడు తీయడంతో మా సొంత బియ్యం అయిపోయింది. కూతురు, అత్తగారు, ఇల్లు, గొడ్డూ గోదా అన్నీ పోయిన మనిషి, ఇంకొకరికి ఇవ్వడానికి తన దగ్గర ఉన్నదని అనుకోగలిగింది. 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అన్న వాక్యాన్ని బురదలో కూర్చుని విన్నప్పుడు అది నాకు పచ్చి అబద్ధంలా తోచింది. ఆ కొబ్బరి చిప్పను చూశాక ఆ వాక్యాన్ని అబద్ధమనడం నా వల్ల కాలేదు. దాన్ని నిజమనడానికి మరో పదేళ్లు పట్టిందనుకోండి, అది వేరు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ లేఖ కూడా అబద్ధమవుతుంది. అమ్మ బతికినన్నాళ్లూ కార్తీకంలో గాలి లేచిన రాత్రులు నిద్రపోలేదు. మంచం మీద లేచి కూర్చుని, చెల్లెలి పేరు పెట్టి పిలుచుకునేది. విశ్వాసం ఆమె గాయాన్ని మాపలేదు. మాపాలని ఎక్కడా రాసి లేదు కూడా. సిలువ వేయబడిన మూడో రోజున, భయంతో తలుపులు మూసుకున్న శిష్యుల మధ్యకు యేసు వచ్చి 'మీకు సమాధానము కలుగును గాక' అన్న వెంటనే ఏమి చేశాడో యోహాను సువార్త 20వ అధ్యాయం చెబుతుంది. తన చేతులూ తన ప్రక్కా చూపించాడు. లేచి వచ్చిన ఆ శరీరంలో మేకుల గుర్తులు ఉండిపోయాయి. సంపూర్ణత అంటే గాయమే లేనితనం అయితే ఆ గుర్తులు మాసిపోయి ఉండవలసింది. మా అమ్మ సంపూర్ణతను నేను ఆ అధ్యాయం పక్కన పెట్టి చదువుకుంటాను.

ఇక నా సంగతి. నాన్న పోయేనాటికి మాకు మిగిలినది ఒక ఎకరం 60 సెంట్లు. అన్నయ్యకు 80, నాకు 80. మధ్యలో గట్టు, గట్టు మీద రాయి. అన్నయ్య మూడో తరగతి దాటలేదు. ఉప్పెన తరువాత ఇల్లు నిలబెట్టడానికి కూలికి పోయి, నన్ను చదివించినవాడు. నేను అర్జీలు రాయగలవాణ్ణి, కచ్చేరీ గుమ్మాలు తెలిసినవాణ్ణి. అన్నయ్య జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నేను సర్వే పెట్టించాను. కొలతలో రాయి ఆరు సెంట్ల మేర అటు జరిగింది. గొలుసు ఎందుకు అటు పడిందో నాకు తెలుసు. ఇంతకన్నా వివరంగా రాయడానికి ఈ వయసులో కూడా చేయి రావడం లేదు.

అన్నయ్య కోర్టుకు వెళ్లాడు. నేను వకీలును పెట్టుకున్నాను. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి; పెళ్లిళ్లకు కార్డులు ఆగిపోయాయి. వాళ్ల ఇంటి ముందు నుంచి పోవలసి వస్తుందని బస్సు ఎక్కడానికి దగ్గరి దారి మాని కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి నడిచేవాణ్ణి. నొప్పించే మనుషులకు ఎడంగా ఉండడమంటే అదే కదా. ఒక్క గుడి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆయన ముందు వరసలో కుడివైపు, నేను వెనక వరసలో ఎడమవైపు. నెలనెలా యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గర పాపపు ఒప్పుకోలును సంఘమంతటిలోకి స్పష్టంగా, ఒత్తులు పోకుండా చదివేది నేనే. తెలుగు పంతుల్ని గదా.

1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)గా ఏర్పడిన తరువాత, 1950లో రూపుదిద్దుకున్న ప్రభువు భోజన ఆరాధన క్రమంలో ఒక ఘట్టం ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం నుంచి తీసుకున్నది. గురువు తన దగ్గర నిలబడినవారికి సమాధానాన్ని ఇస్తాడు. వారు దాన్ని సంఘంలోకి తెస్తారు. ఒకరి నుంచి ఒకరికి అది వరసలు దాటి వెనక దాకా సాగుతుంది. ఇచ్చే పద్ధతి ఏమిటంటే, కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించి, ఎడమ చేతిని దాని మీద మూయాలి. పలకరింపు నమస్కారంలా దూరం నుంచి కుదరదు, ముట్టుకోవలసిందే. ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చునో పుట్టుకతోనే రాసిపెట్టిన దేశంలో ఆ పద్ధతి పెట్టినవాళ్లు ఏమి ఆలోచించి పెట్టారో గాని, నా మట్టుకు నాకు ఆరాధన మొత్తంలో అంత కష్టమైన ఘట్టం ఇంకొకటి లేదు.

మా మధ్య మాటలు ఆగిన తొమ్మిదో ఏట ఒక ఆదివారం వాన పడుతోంది. అన్నయ్య ఆలస్యంగా వచ్చి, ముందుకు పోలేక, వెనక వరసలో నా పక్క ఖాళీలో కూర్చున్నాడు. ఎవరి పక్కన కూర్చున్నాడో చూసుకునేసరికి లేచి పోవడానికి వీల్లేకపోయింది. సమాధానం వరసవరసగా వస్తోంది. దాన్ని నేను ఎదుటి మనిషి దగ్గర తీసుకుని ఆయనకు ఇవ్వాలో, ఆయన తీసుకుని నాకు ఇవ్వాలో తెలియక కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించాను. చేతికి ఏదో తగిలింది. పగుళ్లు బారిన, తడిసిన, గడ్డి కోసుకుని ఒకవేలు వంకరపోయిన చేయి. 'సమాధానము' అని ఆయన అనలేదు. 'ఏరా, చిక్కిపోయావ్' అన్నాడు.

ఆ క్షణమే నేను మారిపోయానని రాస్తే చదవడానికి బాగుండును. నేను ఆ ఆదివారం కూడా ఎప్పటిలాగే బల్ల దగ్గరకు వెళ్లి రొట్టె తిన్నాను, ద్రాక్షారసం తాగాను. ఇంటికి వచ్చాక కడుపులో అన్నం దిగలేదు. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో, అర్పణ అర్పించబోతూ నీ మీద నీ సహోదరునికి విరోధమున్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే వదిలి, 'మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము' అని ఉన్నది. నాకు నీ మీద కోపం ఉంటే అని లేదు, అతనికి నీ మీద ఉంటే అని ఉంది. వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఆ విభక్తి తేడాను అన్నేళ్లూ గమనించలేదు.

శుక్రవారం నాడు వెళ్లాను. వదిన మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లింది. 'అన్నయ్యా, ఆ ఆరు సెంట్లూ నీవి' అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. 'కోర్టుకు పోసిన డబ్బు తిరిగొస్తదా' అన్నాడు. 'రాదు' అన్నాను. 'సరే, గునపం పట్రా' అని లేచాడు. ఇద్దరం కలిసి ఆ రాయి పెకలించి పాత గుంటలో పాతేసరికి మధ్యాహ్నం దాటింది. తరువాత దస్తావేజు రాయించడం, కేసు విరమించుకోవడం, ఆయన ఖర్చులో సగాన్ని నా జీతంలోంచి నెలనెలా కట్టడం జరిగాయి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని లూకా సువార్త చెబుతుంది. నేను అంత గొప్పవాణ్ణి కాను, నా భార్య నాలుగంతలకు ఒప్పుకునేదీ కాదు.

ఆ రాత్రి నాకు దివ్యానుభూతి ఏమీ కలగలేదు. నడుము మాత్రం బాగా పట్టేసింది. సోమవారం బడికి వెళ్లేటప్పుడు కాళ్లు అలవాటుగా కాలవగట్టు వైపు తిరిగాయి. నాలుగడుగులు వేశాక గుర్తు వచ్చి వెనక్కి మళ్లి, వాళ్ల ఇంటి ముందు నుంచి దగ్గరి దారిన నడిచాను. శాంతి ఎలా ఉంటుందని ఎవరైనా నన్ను అడిగితే ఆ దారే గుర్తుకు వస్తుంది.

ఇదంతా ఒక ఇంటి గొడవ అనుకునేవారి కోసం, ఇంటికి మించిన ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని పట్టిన మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మం కావాలని అడుగుతూ వచ్చినవారిని ఆపి ఉంచారు; గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కూలి పనులు ముగిశాక 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలిచి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ, సాయంత్రం దాకా ఆ పని చేశారు. ఆ వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. 'ఆయనయందు మీరును సంపూర్ణులై యున్నారు' అని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉన్న మాట, చెరువు నీళ్లు ముట్టుకోవడానికి కూడా అర్హత లేదన్న మనిషి చెవిన పడితే ఏమవుతుందో, నిండు భోజనం చేసి మెత్తని కుర్చీలో కూర్చుని మనశ్శాంతిని వెదికేవారికి ఊహకు అందడం కష్టం. మా తాతను ఊళ్లో అందరూ అరే, ఒరే అనేవారు. సంఘపు బాప్తిస్మాల పుస్తకంలో ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. చదవడం రాని మా తాత పండుగ పండుగకూ అయ్యగారి చేత ఆ పుట తీయించుకుని చూసుకునేవాడట.

అంత ఆస్తిని మేము ఏమి చేసుకున్నామన్నది వేరే ప్రశ్న, మా ముఖం మీద అడగవలసిన ప్రశ్న. సంఘాల ఎన్నికలు కోర్టుల్లో ఉన్నాయి, సంఘాల స్థలాలు కోర్టుల్లో ఉన్నాయి. పెళ్లి సంబంధం అనగానే మాలా మాదిగా అన్న మాట మా ఇళ్లలోనూ లేస్తుంది; సమాధుల దొడ్లో కూడా గీత గీసుకున్న ఊళ్లు ఉన్నాయి. మరోవైపు శాంతి సభలని, స్వస్థత సభలని కట్టిన ఫ్లెక్సీల కింద అప్పులు తీరుతాయని, వీసాలు వస్తాయని చెప్పి నూనె సీసాలు పంచేవారున్నారు. 'లోకమిచ్చునట్టుగా నేను మీ కనుగ్రహించుట లేదు' అన్న వాక్యం వారి గ్రంథంలో అచ్చు కాలేదేమో. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలు మానేసి ఉపవాస కూటానికి రమ్మని ఎవరైనా చెబితే, ఆ మనిషి ఎంత పేరున్న బోధకుడైనా సరే, నమ్మవద్దని మా విశ్వాసులకు చేతులు జోడించి చెబుతున్నాను. మా ఇంట్లో ఒకరు ఆ మాత్రలతోనూ, ప్రార్థనతోనూ నిలబడ్డారు. ఒకదానికొకటి అడ్డు రాలేదు.

మీ వ్యాసకర్త మూడో సలహాను నేను పూర్తిగా కొట్టివేయడం లేదని కూడా చెప్పాలి. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గరకు భార్యను 'సమాధానపడమ్మా' అని తిరిగి పంపించే పెద్దలు మా సంఘాల్లో ఉన్నారు. నేనూ ఒకసారి అలా పంపిన పంచాయతీలో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి నెల తిరగకుండా చేయి విరిగి పుట్టింటికి వచ్చింది. చెల్లించవలసినవాడు ఏమీ చెల్లించకుండా, నష్టపోయిన మనిషినే సర్దుకోమనడం ఆ మాటను అపహాస్యం చేయడమే. రాయి ఎవరు జరిపారో వాళ్లు గునపం పట్టుకోవాలి. అప్పటిదాకా ఆ అమ్మాయి ఎడంగా ఉండడమే న్యాయం, అందులో మీ వ్యాసంతో నాకు పూర్తి ఏకీభావం. నా ఆక్షేపణ అంతా రాయి జరిపిన నాలాంటివాళ్లు కూడా ఆ సలహాను చదివి, హాయిగా ఊపిరి పీల్చుకుని, కాలవగట్టు మీదుగా చుట్టుదారిన పోతూ ఉంటారేమోనని.

ఉప్పెన నాటి ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. అయ్యగారు కూడా జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆదివారం ఆయన వారసుడు చేతులెత్తినప్పుడు మాత్రం నేను లేచి వెళ్లిపోవడం లేదు.

లేఖ నిడివి మీరిందని తెలుసు. మీకు వీలైనంత కత్తిరించుకోండి, ఆ గట్టు సంగతి మాత్రం ఉంచండి. అన్నయ్యకు ఇప్పుడు 72 ఏళ్లు. మా పిల్లలూ వాళ్ల పిల్లలూ ఇంకా ముభావంగానే ఉంటారు, వాళ్లకు వాళ్ల లెక్కలున్నాయి. ఈసారి సార్వాకు ఆ గట్టు వెంబడి ఆయన కంది వేశాడు. మొన్న నాలుగు కిలోల కందులు ఒక పాత సంచిలో పోసి మనవడితో మా ఇంటికి పంపాడు. పుచ్చులున్నాయి, ఎండబెట్టి ఏరుకోమని వదిన చెప్పి పంపింది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అవనిగడ్డ, కృష్ణా జిల్లా.